గులాబి గొర్రెపిల్ల

మా ఆడపడుచు జాయ్స్‌కి తప్పు ఒప్పుకోవడమనే విద్య పుట్టుకతో రాలేదు. కూరలో ఉప్పెక్కువైతే ఉప్పు ప్యాకెట్టు మారిందంటుంది. రైలు తప్పిపోతే ఆ రైలే ముందొచ్చి వెళ్ళిపోయిందంటుంది. కంప్యూటర్ నేర్చుకున్నాక ఆమెకి ఒక బంగారం లాంటి మాట దొరికింది. "సిస్టం ప్రాబ్లం." అక్కడినుంచి మా ఇంట్లో ఏ తప్పుకీ మనుషుల పూచీ లేకుండా పోయింది. స్టవ్ మీద పాలు పొంగిపోయినా సిస్టం ప్రాబ్లమే.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి జాయ్స్ ఇంటర్ చదువుతోంది. మా మామగారు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవారు. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా బెల్లం వాసన వదిలేది కాదు. నాకు ఆ వాసన ఇష్టంగానే ఉండేది. జాయ్స్ మాత్రం తన కాలేజీ బట్టలు ఆయన బట్టల పక్కన ఆరెయ్యనిచ్చేది కాదు. చెడ్డపిల్ల కాదు. తండ్రి అంటే ప్రాణమే. కాని నలుగురిలో నవ్వులపాలవడం అంటే ఆమెకి పామును చూసినంత భయం. క్లాసులో ఎవరైనా వెక్కిరిస్తే ఆ పూట అన్నం ముట్టేది కాదు. నేను వదినని కాబట్టి వెక్కిరించే హక్కు నాకుందనుకుని మొదట్లో ఆ హక్కు బాగా వాడుకున్నాను. రెండు మూడుసార్లు పళ్ళెం వదిలేసి లేచిపోయాక మానుకున్నాను.

బియ్యస్సీ కంప్యూటర్స్ అయ్యాక రోజూ పొద్దున్నే పాసింజరెక్కి వైజాగ్ వెళ్ళి జావా నేర్చుకుంది. తర్వాత నెహ్రూచౌక్ దగ్గర మేడమీద ఉండే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. అది రెండు వేల ఆరో సంవత్సరం. అనకాపల్లిలో ఆడపిల్ల జావా చెప్పడమంటే మాటలు కాదు. చర్చిలో పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం ప్రార్థన విన్నపాల మధ్యలో "మన సంఘపు బిడ్డ, మన ఇంజినీరు జాయ్స్" అన్నారు. అది ఇంజినీరు కాదే అని మా ఆయన రోనాల్డ్ నా చెవిలో గొణిగాడు. జాయ్స్ తల దించుకుని కూర్చుంది గాని అయ్యగారి మాట సరిదిద్దలేదు.

ఆ చర్చిలోనే కృపావతి అత్త ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, సంఘంలో అందరికీ ఆవిడ అత్తే. మిషను బడిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పి రిటైరయింది. భర్త పోయాక కొడుకు అరుణ్ కుమార్ దగ్గర ఉంటోంది. చర్చిలో బల్లల మీద పరిచిన గుడ్డలన్నీ ఆవిడ చేతివే. మేటీ గుడ్డ అని, సన్నసన్న గళ్ళుగా నేసిన దళసరి గుడ్డ ఉంటుంది. ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ మార్కు కుడుతుంది. అలా ఇంటూలు పేర్చుకుంటూ పోతే, దూరంగా కూర్చున్నవాళ్ళకి పువ్వో పావురమో కనిపిస్తుంది. ఆవిడ గుడ్డ వెనక్కి తిప్పినా ఒక్క ముడి కనపడదు.

"ముందు ఎవులైనా కుడతారే. ఎనక్కి తిప్పి సూడు, అక్కడ తెలుత్తాది కుట్టుపని" అనేది.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనపు బల్ల మీద ఎర్రటి గుడ్డ ఒకటుండేది. దాని మధ్యలో యేసుకి గుర్తుగా తెల్లటి గొర్రెపిల్ల, భుజాన చిన్న సిలువ జెండా. ఆవిడ పెళ్ళయిన కొత్తలో కుట్టిందట. గొర్రెపిల్ల అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఆ ఏడాది అయ్యగారు నిలబడి ప్రసంగం చేయడానికి చర్చికి కొత్తగా టేకు పుల్పిట్ చేయించారు. దాని ముందు వేలాడదీయడానికి గుడ్డ కావాలి. అదే గొర్రెపిల్ల కావాలి, కాని వెనక బెంచీల వాళ్ళకి కూడా కనపడేంత పెద్దదిగా కావాలి. కోత పండగ నాటికి తయారవ్వాలి.

చిన్న బొమ్మని పెద్దది చేయడం ఆవిడకి తెలియనిదేం కాదు. పాత గుడ్డలో ఒక గడి ఉన్నచోట, అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది గళ్ళు అదే రంగుతో నింపాలి. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసుకుంటానంది. జాయ్స్ పక్కనే ఉంది.

"నేను ప్రోగ్రాం రాసిస్తాను అత్తా. అడ్డం నిలువూ అదే చేసుకుంటుంది. ఏ గడికి ఏ దారమో నంబర్లతో సహా ప్రింటు తీసిచ్చేస్తాను" అంది.

ఆవిడ సంబరపడిపోయింది. ఒక సెలవు రోజున పాత గుడ్డ మడతపెట్టి పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ మేడమెట్లు ఎక్కింది. నేనూ తోడెళ్ళాను. ఆవిడ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని గళ్ళు చదువుతుంటే జాయ్స్ మౌసుతో తెరమీద చుక్కలు పెట్టింది. "ఎరుపు, ఎరుపు, తెలుపు... ఆగాగు, సెవి కాడికొచ్చేను... తెలుపు ఒక్కటే, మళ్ళీ ఎరుపు." మధ్యాహ్నమయ్యేసరికి చిన్న గొర్రెపిల్ల తెరమీదకి వచ్చేసింది. ఆవిడ దాన్ని చూసి "అమ్మో, గుడ్డలోంచి లెగిసి వచ్చేసిందే" అని నవ్వింది.

తర్వాత పని జాయ్స్‌ది. జావాలో స్వింగ్ అని ఒకటుంటుందట. కిటికీలు, బటన్లు, బొమ్మలు తెరమీద వేయడానికి కావలసిన సరంజామా అంతా అందులో ఉంటుందట. దాని చేతిలో బొమ్మ పెట్టి, ఇంత పెద్దది చెయ్యి అంటే చేసి పెడుతుంది. టిఫిన్ ఇవ్వడానికి వెళ్ళిన నాకు కూర్చోబెట్టి పాఠం చెప్పింది. బొమ్మ పెద్దదయినప్పుడు మధ్యలో కొత్త చుక్కలు పుడతాయి. వాటికి ఏ రంగు వేయాలి? ఒక పద్ధతిలో ఆ కొత్త చుక్క తనకి అందరికన్నా దగ్గరున్న పాత చుక్కని అడిగి దాని రంగే వేసుకుంటుంది. దాని పేరు నియరెస్ట్ నైబర్. ఇంకో పద్ధతిలో చుట్టుపక్కల వాళ్ళందరినీ అడిగి, అందరి రంగులూ కలిపి సగటు తీస్తుంది. దాన్ని స్మూత్ చేయడం అంటారు.

"అంటే మన సంఘం మీటింగులాగన్నమాట. అందర్నీ అడిగి ఎవరికీ అక్కర్లేనిది చేయడం" అన్నాను. ఆమెకి నవ్వు రాలేదు.

మొదట ఆమె పెట్టింది దగ్గర చుక్క పద్ధతే. గొర్రెపిల్ల పెద్దదై వచ్చింది. అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి, అచ్చం మేటీ గుడ్డ మీద కుట్టులాగే. నాకు బాగానే ఉందనిపించింది. అప్పుడే అక్కడ పాఠాలు చెప్పే దేవీప్రసాద్ వెనకనుంచి వంగి చూశాడు.

"ఏటండీ మేడం, గొర్రెపిల్ల మెట్లబావిలో పడిపోయిందేటి? చిన్నపిల్లల వీడియో గేములాగుంది" అన్నాడు.

అతను సరదాగానే అన్నాడు. క్లాసులో కుర్రాళ్ళు నలుగురు నవ్వారు. జాయ్స్ చెవులు ఎర్రబడడం నేను చూశాను. ఆ పూట టిఫిన్ మూత తియ్యలేదు. మర్నాటికల్లా బొమ్మ మారిపోయింది. ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చిందట. మెట్లు పోయి అంచులు మెత్తబడ్డాయి. తెరమీద గొర్రెపిల్ల అప్పుడే ఏకిన దూదిలా ఉంది. "ఇప్పుడు చూడు వదినా, ఎంత స్మూత్‌గా ఉందో" అని నన్ను పిలిచి మరీ చూపించింది. దేవీప్రసాద్ చప్పట్లు కొట్టాడు. నేనూ ముచ్చటపడ్డాను, అబద్ధమెందుకు.

తెర మీది మెత్తదనం దారంలోకి రాదని అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఎరుపుకీ తెలుపుకీ సగటు తీస్తే వచ్చేది గులాబి. గడికొక్క రంగే కుట్టాలి కాబట్టి ప్రోగ్రాం ఆ సగటు రంగుకి దగ్గరున్న దారం నంబరు వెతికి పెట్టింది. ఇక్కడ ముదురు గులాబి, అక్కడ లేత గులాబి. ఒళ్ళు కాస్త లావుగా ఉంది కనక మధ్యలో తెలుపు మిగిలింది. చెవులు, కాళ్ళు, మూతి సన్నం, అవి ఎరుపులో నాని పూర్తిగా గులాబిగా మారిపోయాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. జాయ్స్ కాగితాలు ప్రింటు తీసి, చదవకుండానే మడిచి ఆవిడకి ఇచ్చేసింది.

ఈలోగా కృపావతి అత్తకి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళపాటు రంగులు కొంచెం వేరుగా కనిపిస్తాయమ్మా, కంగారుపడకు అని డాక్టరు చెప్పాడు. కన్ను కుదుటపడగానే ఆవిడ పని మొదలెట్టింది. పుల్పిట్ గుడ్డ పండగ దాకా పరాయి కంట పడకూడదని ఆవిడకి పెద్ద పట్టింపు. తలుపేసుకుని కుట్టేది. ఒక వరస కుట్టడం పూర్తవగానే కాగితంలో ఆ మేరకు కత్తెరతో కోసి పారేసేది. లేకపోతే వరస తప్పుతుందట. బొమ్మ పూర్తయ్యేసరికి కాగితం కూడా అయిపోయింది.

మధ్యలో ఒక ఆదివారం చర్చి మెట్ల దగ్గర జాయ్స్‌ని ఆపింది. నేను పక్కనే చెప్పులు వెతుక్కుంటున్నాను.

"జాయ్సూ, నీ కాగితంలో గులాబి మరీ ఎక్కువ కనిపిత్తందే. నిజివేనా, నా కన్నేనేటి?"

జాయ్స్ చుట్టూ స్నేహితురాళ్ళున్నారు. ఎక్కడికో వెళ్ళే తొందరలో ఉంది. "కంప్యూటర్ లెక్క అత్తా అది, తప్పుండదు. ఎలా ఉంటే అలా కుట్టేయ్" అని వెళ్ళిపోయింది. ఆవిడ తలూపింది.

కోత పండగంటే మాకు క్రిస్మస్ తర్వాత అంతటి పండగ. కొత్త పంటలో మొదటి భాగం చర్చికి తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. బెల్లం దిమ్మలు, గుమ్మడికాయలు, కట్టలు కట్టిన చెరుకు గెడలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, అన్నీ పుల్పిట్ చుట్టూ పేర్చారు. అయ్యగారు ప్రార్థన చేసి కొత్త గుడ్డ మీది ముసుగు తీశారు.

గుడ్డ మీద ఉన్నది గొర్రెపిల్ల కాదు. ఎర్రటి నేల మీద అంచులు గులాబిగా ఉబ్బిన ఒళ్ళు, గులాబి చెవులు, గులాబి మూతి, పొట్టి గులాబి కాళ్ళు. సిలువ జెండా కూడా గులాబి రంగులో కలిసిపోయి వీపు మీద తోకలా వంకర తిరిగింది. అదేమిటో అందరికీ తెలిసింది, కాని ఎవరూ ఆ మాట అనలేదు. పాట పాడాం. అయ్యగారు గొర్రెపిల్ల గురించే ప్రసంగం చేశారు పాపం, ఒక్కసారి కూడా కిందకి చూడకుండా.

వేలం వేసేది సత్తియ్య మామ. ఆయన చేతికి మైకిస్తే ఊరంతా నవ్వాలి. బెల్లం అయింది, గుమ్మడికాయలయ్యాయి. కోడిని పైకెత్తేసరికి అది కట్లు తెంచుకుని రెక్కలు కొట్టుకుంటూ పుల్పిట్ కిందకి ఉరికింది. ఆయన నోటికి ఎప్పటిలాగే మాట ముందొచ్చేసింది.

"ఓలమ్మ కోడీ, అటెల్లకే, ఆ పందిపిల్ల తొక్కేత్తాది!"

చర్చి మొత్తం పగలబడి నవ్వింది. పొద్దున్నుంచీ బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ముందు బెంచీ వైపు చూశాను. కృపావతి అత్త లేచి నిలబడి, ఆ గుడ్డని అంత దూరం నుంచి మొదటిసారి చూస్తోంది. కుడుతున్నప్పుడు ముక్కు గుడ్డకి ఆనించి గడీ గడీ చూసుకుందే గాని, బొమ్మని దూరం నుంచి చూసుకోలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా కూర్చుంది. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

బయట సత్తియ్య మామ ఆవిడ చేతులు పట్టుకున్నాడు. "అప్పా, నీ సేతి గుడ్డని గురుతు రాలేదప్పా, నోరు జారిపోయింది" అన్నాడు.

"నువ్వేటి సేత్తావు తమ్ముడూ. నా కన్నే మోసం సేసింది. కంప్యూటర్ కాగితంలో తప్పుండదు కదా, నానే తెలుపుని గులాబనుకుని కుట్టేసేను" అంది ఆవిడ.

కొడుకు అరుణ్ కుమార్ మంచివాడే గాని కోపిష్టి. "కళ్ళు ఆనట్లేదు, కుట్టు మానేమ్మా అని ఎన్నిసార్లు సెప్పేను? ఇన్నావా?" అని అందరి ముందూ కసిరాడు. చూపించడానికి ఆవిడ దగ్గర కాగితం లేదు. జాయ్స్ రెండడుగుల దూరంలో ఉంది. ఎవరైనా తనవైపు చూస్తారేమోనన్నట్టు చెరుకు గెడల వెనక్కి జరిగింది. తప్పు ఆవిడ కళ్ళదేనని తేలిపోయింది కనక ఎవరూ చూడలేదు.

ఆ వారంలోనే గుడ్డ తీసేశారు. ఆవిడ కుట్టు ఫ్రేములు, దారాల డబ్బా తెచ్చి చర్చిలోని స్త్రీల సమాజానికి అప్పగించేసింది. సమాజం మీటింగులో బైబిలు వాక్యం చదివేది ఎప్పుడూ ఆవిడే. ఇప్పుడు చదవమంటే "నాకెందుకులే, ఎక్కడో తప్పు సదివేత్తాను" అని పుస్తకం పక్కవాళ్ళకి అందించేది. అరుణ్ కుమార్ స్టవ్ దగ్గరకి వెళ్ళనివ్వడం మానేశాడు. వైజాగ్ కంటాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు అక్షరాలు చదివించి, రంగులు చూపించి, చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆవిడ నమ్మలేదు.

"ముసిల్దాన్ని ఊరుకోబెట్టడానికి అలాగే అంతారమ్మా. పందిని కుట్టి పుల్పిట్‌కి తగిలించేను. అదాబద్ధమా?" అంది నాతో.

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం నేను చూడలేకపోయాను. యాభై ఏళ్ళు సూదితో బతికిన మనిషి, తన రెండు కళ్ళనీ దొంగల్లా చూడడం మొదలెట్టింది.

ఆ రోజుల్లో జాయ్స్‌లో మార్పు వచ్చింది. మా చర్చి ముందు రోడ్డు మీద సీజన్లో చెరుకు లారీలు, ఎడ్లబళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఆరాధన అవ్వగానే జాయ్స్ పరుగున వెళ్ళి కృపావతి అత్త చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేది. "మెల్లగా అత్తా, ఇక్కడ గొయ్యుంది. ఇదిగో, ఇప్పుడు అడుగెయ్" అని గుడ్డివాళ్ళని నడిపించినట్టు నడిపించేది. మధ్యాహ్నాలు వాళ్ళింటికెళ్ళి బైబిలు చదివి వినిపించేది. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. ఉప్పు ప్యాకెట్టు మీద నేరం మోపే పిల్లకి ఇంత దయ ఎక్కడినుంచి వచ్చిందా అని నేనూ మురిసిపోయాను.

ఒకరోజు సాయంత్రం వాళ్ళింటినుంచి వచ్చి పెరట్లో బట్టలుతికే రాయి మీద కూలబడింది. దగ్గరకెళ్తే ఏడుస్తోంది.

"అత్త జాకెట్టుకి హుక్కు ఊడిపోయింది వదినా. నన్ను కుట్టమంది. సూదిలో దారం ఎక్కించడం నాకు రావట్లేదు. ఆవిడ చెయ్యి చాపింది, నేనెక్కిస్తానన్నట్టు. మళ్ళీ తనే వెనక్కి లాగేసుకుంది. వద్దులే, నావల్ల కాదు అంది."

"దానికి నువ్వేడవడం ఎందుకే?"

అప్పుడు చెప్పింది. గులాబి వేయమన్నది ప్రోగ్రామేనని, సగటు సంగతి, మార్చిన లైను సంగతి, చర్చి మెట్ల దగ్గర, నేనూ విని మరిచిపోయిన ప్రశ్నకి, తను చూడకుండా జవాబిచ్చిన సంగతి. పండగ మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళగానే ప్రోగ్రాం తెరిచి చూసుకుందట. చూసిన క్షణంలోనే తెలిసిపోయిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎప్పుడూ అనే మాటే అనలేకపోయావా? సిస్టం ప్రాబ్లం అని ఒక్క ముక్క! కనీసం ఆవిడ కళ్ళయినా బతికేవి కదా!"

"సిగ్గేసింది వదినా."

"ఎవరి ముందు సిగ్గు? ఆ దేవీప్రసాద్ ముందా?"

"అందరి ముందూ. ఇంజినీరని చెప్పేరు కదా పుల్పిట్ మీంచి. ఆ పుల్పిట్‌కే పందిని తగిలించేనని ఎలా చెప్పను? ఈ ఆదివారం చెప్తాను, ఈ ఆదివారం చెప్తాను అనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినప్పుడల్లా చెప్పేద్దామనే అనుకున్నాను. ఆవిడేమో, నీలాంటి పిల్ల ఎవులింట్లోనూ ఉండదే అనేది. అది విన్నాక నోరు వచ్చేది కాదు."

తిట్టవలసినవన్నీ తిట్టాను. ఆమె ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. ఆమె ఎదురు చెప్పకపోవడం నా కాపురంలో అదే మొదటిసారి. చివరికి నాకే జాలేసి, "ఈ బుధవారం సమాజం మీటింగులో లేచి చెప్పు. నేను పక్కన ఉంటాను" అన్నాను.

బుధవారం లేచింది. "కృపావతి అత్త కళ్ళలో ఏ లోపమూ లేదు. తప్పు నా ప్రోగ్రాందే. గులాబి నేనే వేయమన్నాను" అని గట్టిగానే చెప్పింది. నియరెస్ట్ నైబర్ దగ్గరనుంచి సగటు దాకా వివరించింది. అక్కడున్న ఆడవాళ్ళెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత అయ్యగారి భార్య లేచి వచ్చి జాయ్స్ తల నిమిరింది.

"పెద్దావిడ మనసు నొచ్చుకుందని తప్పు నీ మీద వేసుకుంటున్నావా తల్లీ? ఎంత మంచి మనసమ్మా నీది!"

"కాదమ్మగారూ, నిజంగానే..."

"ఊరుకో, ఊరుకో. మాకు తెలీదా!"

ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. కృపావతి అత్త జాయ్స్‌ని దగ్గరకి తీసుకుని నుదుట ముద్దు పెట్టింది. "నా కోసం నీ సదువునే తప్పు పట్టుకుంతన్నావేటే పిచ్చిదానా" అంది. చివరి ప్రార్థనలో జాయ్స్ పేరెత్తి దేవునికి స్తోత్రం చెప్పారు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ జాయ్స్ తలెత్తలేదు. "నిజం చెప్పినా మెచ్చుకోలే వచ్చింది వదినా. ఇప్పుడు ముందుకన్నా దొంగలా ఉంది నాకు" అంది. నిజమే మరి, ముందు మౌనం ఒక్కటే దొంగది, ఇప్పుడు నలుగురు పెట్టిన మంచిపేరు కూడా దొంగదే.

చెప్తే లాభం లేదు, చూపించాలి అనుకుంది. ఒక సాయంత్రం కృపావతి అత్తని బతిమాలి ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకొచ్చింది. నేనూ ఉన్నాను. ఆవిడ మేడమెట్లు ఒక్కోటి తడుముకుంటూ ఎక్కింది. వేసవిలో ఆ మెట్లే చకచకా ఎక్కిన మనిషి. దేవీప్రసాద్ లేచి కుర్చీ ఇచ్చాడు. జాయ్స్ తెరమీద బొమ్మ కింద ఒక బటన్ పెట్టి ఉంచింది. నొక్కితే స్మూత్, మళ్ళీ నొక్కితే మామూలు.

"అత్తా, చూడు. గొర్రెపిల్ల చెవి ఏ రంగులో ఉంది?"

ఆవిడ భయం భయంగా వంగింది. "తెలుపులాగే ఉంది. నాకలా కనిపిత్తంది మరి."

జాయ్స్ బటన్ నొక్కింది. "ఇప్పుడు?"

"గులాబి."

"ఇప్పుడు?"

"తెలుపు. మళ్ళీ నొక్కు." నొక్కింది. "గులాబి. అయిగో, కాళ్ళు కూడా. మూతి కూడా." కుర్చీ ముందుకి లాక్కుంది. "నువ్వాగు, నాను నొక్కుతాను" అని మౌసు తనే అందుకుంది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. తెల్లబడుతుంది, గులాబి అవుతుంది, తెల్లబడుతుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నొక్కింది.

వెనక్కి తిరిగి, "బాబూ, నీకూ ఇలాగే కనిపిత్తందా?" అని దేవీప్రసాద్‌ని అడిగింది.

"అవునండీ. అప్పుడు గులాబి, ఇప్పుడు తెలుపు."

"అలాగైతే నాను సరిగ్గానే సూసేను. కాగితంలో గులాబే ఉంది. ఉన్నదే కుట్టేను. నా కన్ను మంచిదే!" ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకుని, పోగొట్టుకున్నవి దొరికినట్టు తడుముకుంది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. అమ్మయ్య, గండం గట్టెక్కింది, ఇంక ఈ పిల్లని క్షమించేస్తుంది అనుకున్నాను.

ఆవిడ చేతులు దించి జాయ్స్ వైపు తిరిగింది.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసిందే?"

జాయ్స్ పెదవులు కదిలాయి. ఏ అబద్ధమైనా ఆడేస్తుందేమోనని ఒక్క క్షణం నాకు భయమేసింది. ఆడలేదు. "పండగ మర్నాడు అత్తా" అంది.

"మర్నాడా?"

"మర్నాడే."

ఆవిడ కోప్పడలేదు. అరవలేదు. కాసేపు జాయ్స్ ముఖం వైపే చూసింది. గుడ్డ మీద గడీ గడీ లెక్కపెట్టినట్టు చూసింది.

"గులాబి నీ మిషను వేయమంది. దాని మీద నాకేటీ కోపం లేదమ్మా, పని సేసేటప్పుడు తప్పులొత్తాయి, నానెన్ని ఇప్పి కుట్టలేదు. కానీ నా కళ్ళు మంచివని తెలిసుండి, ఆదివారం ఆదివారం నా సెయ్యట్టుకొని గుడ్డిదాన్ని దాటించినట్టు రోడ్డు దాటించేవు సూడు. అది మిషను సెయ్యలేదే జాయ్సూ. అది నువ్వే సేసేవు."

దేవీప్రసాద్ కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడ్డాడు. జాయ్స్ ముఖం చూస్తే ఆ నేల విచ్చుకుంటే అందులోకి దిగిపోయేలా ఉంది. ఆవిడ అన్నదాంట్లో తీసెయ్యడానికి ఒక్క మాట కూడా కనపడలేదు నాకు.

కృపావతి అత్త లేచి, కొంగు సర్దుకుని, కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగింది. మేమిద్దరం వెనకే దిగాం. సెంటర్లో లారీలు, ఆటోలు కిక్కిరిసి పోతున్నాయి. రోడ్డు అంచున ఆవిడ ఆగగానే జాయ్స్ చెయ్యి తనంతట తానే ముందుకెళ్ళి ఆవిడ చేతిని అందుకోబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు, మెల్లగానే తీసుకుంది. అటూ ఇటూ చూసుకుంది, ఒక లారీని పోనిచ్చింది, దాటింది. అవతలి గట్టుకి చేరాక వెనక్కి తిరగకుండా దారాల కొట్టు వైపు నడిచింది.

జాయ్స్ చాపిన చెయ్యి అలాగే పెట్టుకుని ఇవతల నిలబడిపోయింది.